ఛాతీ లోతు నీళ్ళు

హోటలు పంపు గది,
జూన్ 2

అక్కకి,

పొద్దుటి నుంచి ముసురు. గాలి లేదు. పూల్ పంపు జాలిబుట్ట తీసి కడిగాను. ఆకులు, తలవెంట్రుకలు, ఎవరిదో ఒక చెవిపోగు వచ్చాయి. చెవిపోగు కౌంటరులో అప్పగించాను.

నీ ఉత్తరం అందింది. మీ చికిత్సాలయంలో పూల్ చూసే మనిషి మానేశాడనీ, కొత్తవాణ్ణి పెట్టే ఉద్దేశం వాళ్ళకు లేదనీ, బట్టలుతికే పనితో పాటు పంపు కూడా నువ్వే చూసుకుంటానని వార్డెనుతో చెప్పేశావనీ రాశావు. ముందు అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. చెప్పేశాక అడిగావు కాబట్టి పని రాస్తున్నాను.

పంపు నీళ్ళను లాగుతుందని అందరూ అనుకుంటారు. లాగదు. లోపల ఒక రెక్కల చక్రం ఉంటుంది. మోటారు దాన్ని తిప్పుతుంది. చక్రం తన నడిమికి వచ్చిన నీళ్ళను అంచుల వైపు విసిరేస్తుంది. విసిరేసిన చోట ఖాళీ ఏర్పడితే, ఆ ఖాళీలోకి పూల్లో నీళ్ళు వాటంతట అవే వస్తాయి. వచ్చినవి ఇసుక ఫిల్టరులోంచి పోయి, శుభ్రపడి, మళ్ళీ పూల్లో పడతాయి. నీళ్ళకు బదులు గాలి ఉంటే చక్రానికి విసరడానికి ఏమీ దొరకదు. ఉత్తినే తిరుగుతుంది, వేడెక్కుతుంది, నీళ్ళు కారకుండా ఆపే సీలు మాడిపోతుంది.

అందుకని స్విచ్ వెయ్యకముందు బుట్ట ఉన్న గిన్నెను నీళ్ళతో నిండుగా నింపు. మూత కింది రబ్బరు రింగు తుడిచి, కాస్త గ్రీజు రాసి, మూత బిగించు. ఫిల్టరు నెత్తి మీద చిన్న మర ఉంటుంది. అది కొద్దిగా వదులు చేసి స్విచ్ వెయ్యి. ముందు గాలి బుస్సుమంటుంది, తర్వాత నీళ్ళు చిమ్ముతాయి. చిమ్మగానే మర బిగించు. పక్కనే నీళ్ళ ఒత్తిడి చూపే గేజి ఉంటుంది, దాని ముల్లు ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకో. రోజూ అక్కడే ఉండాలి. పైకి పోతే ఫిల్టరు మురికి పట్టింది, నీళ్ళను వెనక్కి తిప్పి కడగాలి. కిందికి పడితే పంపుకి నీళ్ళు అందట్లేదు.

పూల్ గోడకు నీళ్ళు పోయే నోరు ఒకటి ఉంటుంది. నీటిమట్టం ఆ నోటికి సగం దాకా ఉండాలి. తగ్గితే అది నీళ్ళతో పాటు గాలి మింగుతుంది.

చప్పుడు జాగ్రత్తగా విని, ఎలా ఉందో రాయి. చూడకుండా చెప్పాలంటే నాకు అదే ఆధారం.

బావకి నమస్కారాలు.

తమ్ముడు


చికిత్సాలయం, వెనక వరండా గది,
జూన్ 10

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం పైకి చదివాను. మీ బావ పడీపడీ నవ్వారు. “ముసురు, గాలి లేదు! ఏమే, మీవాడు రేడియోలో ఎందుకు చేరలేదు?” అన్నారు. అక్కా ఎలా ఉన్నావు అన్న ముక్క ఒక్కటీ లేదు. ఫోన్ చేస్తే ఊ, ఆ తప్ప నీ నోట్లోంచి ఊడిపడదు. కాగితం మీదైనా నాలుగు మాటలు రాలుతున్నాయి, అదే పదివేలు.

పంపు గది మా గదికి ఆనుకునే ఉంది. నడుము వంచితే గానీ లోపలికి పోలేం. సున్నం పెచ్చులు రాలి భుజాల మీద పడతాయి. బ్లీచింగు వాసనకి కళ్ళు మండుతాయి. నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. ఆ మర మాత్రం కొద్దిగా వదులు చెయ్యమంటే నేను మొత్తం ఊడదీశాను. నీళ్ళు మొహాన్ని కొట్టాయి. మీ బావ చక్రాల కుర్చీలో గుమ్మం దగ్గరే ఉన్నారు. “ఇంజనీరమ్మగారి తలస్నానం అయింది, టవల్ ఇవ్వండర్రా” అని కేకేశారు.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను. నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి ఆయన్ని నేల మీద నిలబెట్టాలంటే ఇద్దరు చెరో రెక్కా పట్టుకోవాలి. అదే ఛాతీ లోతు నీళ్ళలో ఎవరూ పట్టుకోనక్కర్లేదు. కమ్మీ మీద చెయ్యేసి నిలబడతారు. నిన్న ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచారు కూడా. జన్మంతా గోడలకి రంగులేసిన మనిషి కదా, నడుస్తూ నడుస్తూ పూల్ గోడ చూసి, “ఈ నీలం వేసినవాడికి బ్రష్ పట్టడం ఎవడు నేర్పాడే?” అని తిట్టిపోశారు. పడ్డాక ఆయన నోట తిట్టు వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈ నీళ్ళలో నడక మధ్యలో ఆపకూడదంటుంది డాక్టరమ్మ. ఆపితే తిరిగొచ్చిన బలం కొద్ది వారాల్లో పోతుందట, ఒకసారి పోతే మళ్ళీ రాదట. పంపు ఆగిన రోజు పూల్ మూసేస్తామని వార్డెన్ ముందే చెప్పాడు. అందుకే రా నేను దీన్ని నెత్తికెత్తుకున్నది.

ఇక రోగం సంగతి. గిన్నె గాజుమూత కింద బుడగలు. గేజి ముల్లు రోజురోజుకీ కిందికి జారుతోంది. చప్పుడు మీ బావ నోటితో చేసి చూపించారు, నేను రాస్తున్నాను: గర్ర్‌ర్ అంటూ, మధ్యమధ్యలో గలగలా, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. “మీవాడి గురక ఇలాగే ఉంటుంది, కాస్త చిక్కగా” అని కూడా రాయమన్నారు.

నీటిమట్టం బాగానే ఉంది. నోటికి సరిగ్గా సగం.

తిన్నావో లేదో రాయి.

అక్క


హోటలు పంపు గది,
జూన్ 18

అక్కకి,

ఎండ కాసింది. ఫిల్టరు వెనక్కి తిప్పి కడిగాను. అన్నం తిన్నాను.

గులకరాళ్ళ చప్పుడంటే పంపుకి చాలినన్ని నీళ్ళు అందడం లేదు. బుట్ట రోజూ కడుగుతున్నావనుకుంటాను. నీటిమట్టం సరిగ్గా ఉందని రాశావు. అయితే గాలి ఎక్కడో చొరబడుతోంది. అది పంపుకి ముందున్న పైపుల్లోనే. పంపు దాటాక చిల్లి ఉంటే నీళ్ళు బయటికి చిమ్మి కనబడతాయి. పంపుకి ముందు చిల్లి ఉంటే, నడుస్తున్నంతసేపూ బయటి గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనబడదు.

పంపు నడుస్తుండగా ఒక్కో అతుకు మీద చెంబుతో నీళ్ళు ధారగా పోస్తూ రా. మోటారు మీద మాత్రం పడనివ్వకు. ఎక్కడ పోసినప్పుడు బుడగలు తగ్గితే చిల్లి అక్కడ. మొదట మూత చూడు, తర్వాత వాల్వు పిడి, తర్వాత పైపు మర. నూటికి తొంభైసార్లు మూత రింగే. గట్టిపడి పగిలి ఉంటే దాని చుట్టుకొలతకి ఒక దారం తెంపి కవరులో పెట్టు. ఇక్కడ సరిపోయే రింగు కొని పంపుతాను.

బావ నడిచారని రాశావు. ఆ ఉత్తరం చొక్కా జేబులో ఉంది.

తమ్ముడు


చికిత్సాలయం, వెనక వరండా గది,
జూలై 6

మోటారు తమ్ముడికి,

బిరుదు మీ బావ ఇచ్చింది. కాదనకు.

నేను పంపిన దారానికి నువ్వు పంపిన రింగు అతికినట్టు సరిపోయింది. బుడగలు సగం తగ్గాయి. గేజి ముల్లు లేచింది. మొన్న మంగళవారం మీ బావ కమ్మీ వదిలేశారు రా! రెండు చేతులూ పైకెత్తి, “చూడవే, పోలీసులకి దొరికిన దొంగలా నిలబడ్డాను” అని అరిచారు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఉతకాల్సిన దుప్పట్ల మూటలో మొహం పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ దుప్పట్లు ఎంత కంపు కొడతాయో నీకు తెలీదు, ఆ రోజు నాకూ తెలీలేదు.

ఆ సంబరం ఆరకముందే కొత్త రోగం. నిన్న స్విచ్ వేస్తే మోటారు తిరగలేదు. గుయ్ఁమని మూలుగుతూ కూర్చుంది. మీ బావ గోడ అవతల మంచం మీంచే విని, “కట్టెయ్, కట్టెయ్! అది చచ్చే చప్పుడు” అన్నారు. కట్టేశాను. ఇవాళ ఎవరూ నీళ్ళలో దిగలేదు, పూల్ కడుగుతున్నానని వార్డెనుకి చెప్పాను. కాళ్ళు బిగుసుకున్నట్టున్నాయని మీ బావ అప్పుడే సణుగుడు మొదలుపెట్టారు.

దీనికి తోడు వంటామెతో గొడవ. “తెల్లారేసరికి గొట్టం తగిలించి నీళ్ళన్నీ నువ్వు పట్టుకుపోతే నా కుళాయికి ఏం రావాలి? ఇక్కడ రోగి నీ మొగుడొక్కడేనా?” అని నలుగురిలో దులిపేసింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? “నీ కూరలో నీళ్ళు తగ్గితే రోగులు తొందరగా లేస్తారు, నాకు దండం పెట్టు” అన్నాను. మాటలైతే అన్నాను గానీ మనసు బాగాలేదు.

మోటారు సంగతి త్వరగా రాయి. ఆలస్యం చెయ్యకు.

అక్క


హోటలు పంపు గది,
జూలై 11

అక్కకి,

మబ్బుగా ఉంది. పూల్ అడుగు బ్రష్ చేశాను.

మోటారు మూలిగితే రెండే కారణాలు. ముందు స్విచ్ కాదు, మెయిన్ తీసెయ్యి. మోటారు వెనక కవరు నడిమధ్యలో ఇరుసు కొస కనిపిస్తుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి చూడు. తిరగకపోతే రెక్కల చక్రంలో ఏదో ఇరుక్కుంది. బుట్ట తీసి, లోపలి బెజ్జంలో వేలు పెడితే తగులుతుంది. సులువుగా తిరిగితే మాత్రం కండెన్సర్ పోయింది. అది నువ్వు ముట్టుకోకు. మెయిన్ తీసినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది. ఎలక్ట్రీషియన్నే పిలిపించు.

ఇంకొక సంగతి. తెల్లారి గొట్టం తగిలించి నీళ్ళు ఎక్కడ పడుతున్నావు? కప్పు కింద ఉన్న పూల్లో ఆవిరయ్యే నీళ్ళు చాలా తక్కువ. రోజూ నింపాల్సిన పని లేదు.

పూల్ మెట్టు మీద ఒక బకెట్టు పెట్టు. బకెట్టులో నీళ్ళు, బయట పూల్ నీళ్ళు ఒకే మట్టంలో ఉండేలా నింపు. ఆవిరి అయితే రెండూ ఒకేలా తగ్గుతాయి. పూల్ మాత్రమే తగ్గితే నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి. పంపు నడిచేటప్పుడు ఒకసారి, ఆగి ఉన్నప్పుడు ఒకసారి చూడు. ఆ రోజు గొట్టం తగిలించకు.

నువ్వు రాసినదాన్ని బట్టే నేను చెబుతున్నాను అక్కా. నాకు అక్కడ వేరే కళ్ళు లేవు.

తమ్ముడు


చికిత్సాలయం, వెనక వరండా గది,
జూలై 19

తమ్ముడూ,

ఇరుసు తిరగలేదు. వేలు పెడితే ఒక జుట్టు పిన్నూ, చీపురు పీచూ వచ్చాయి. మోటారు తిరిగింది. మీ బావ మళ్ళీ నీళ్ళలో దిగారు. మంచి కబురు ముందు రాసేశాను.

బకెట్టు కూడా పెట్టాను. నువ్వు ఊరుకునే రకం కాదు కదా. పంపు నడిచినంతసేపూ లోపలా బయటా ఇంచుమించు సమానమే. రాత్రి పంపు ఆపి పొద్దున చూస్తే పూల్లో జానెడు తక్కువ. బకెట్టులోవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

బకెట్టు పెట్టకముందే నాకు తెలుసు. పాత పంపు మనిషి తాళంచెవి చేతిలో పెడుతూ, “ఎవరూ లేవకముందే నింపెయ్యమ్మా. నిండి కనబడినంత కాలం పూల్ ఉంటుంది. ఎవరినీ అడగకు, ఎవరికీ చెప్పకు” అన్నాడు. అదే చేస్తున్నాను. నోటికి సగం అని నీకు రాసింది అబద్ధం కాదు. నింపాక చూసి రాశాను, అంతే.

నీకు ముందే రాస్తే ఏమనేవాడివో నాకు తెలీదా? సైకిలు బ్రేకు కాస్త వదులైతే నెల్లాళ్ళు నన్ను ఎక్కనివ్వలేదు నువ్వు. ఇద్దరిలో పెద్దదాన్ని నేనో నువ్వో ఇప్పటికీ అర్థం కాదు. “మూసెయ్” అంటావని భయం. మీ బావకి కూడా ఈ సంగతి తెలీదు. ఆయన లెక్కలో ఈ పూల్ ఎప్పటికీ ఉంటుంది. నిన్న నీళ్ళలో నిలబడి, “ఇంటికెళ్ళాక గుమ్మానికి ఏ రంగు వేద్దామే?” అని అడిగారు. నేనేం చెప్పను? ఆకుపచ్చ అన్నాను.

నా చేతులు మాత్రం పొద్దుటిపూట తిమ్మిరెక్కుతున్నాయి. పంపు పైపు పట్టుకుంటే జివ్వుమంటోంది, వదిలితే తగ్గుతోంది. తెల్లారగట్ల చన్నీళ్ళలో నానడం వల్ల కాబోలు.

ఆ చిల్లి ఎలా పూడ్చాలో రాయి. మూసెయ్యమని మాత్రం రాయకు.

అక్క


హోటలు పంపు గది,
జూలై 25

అక్కకి,

వాన.

నిన్న ఫోన్లో నేను చెప్పిందంతా విని నువ్వు “ఊ” అన్నావు. ఆ ఊ మీద నాకు నమ్మకం లేదు. అందుకే రాస్తున్నాను.

నీ చేతుల తిమ్మిరి చన్నీళ్ళ వల్ల కాదు. పైపులోకి కరెంటు దిగుతోంది. నేల కింద పంపుకి వచ్చే పైపు పగిలింది. పంపు నడిచినప్పుడు ఆ పగులులోంచి గాలి లోపలికి పోతుంది, ఆగినప్పుడు నీళ్ళు బయటికి పోతాయి. నీ బకెట్టు చెప్పింది అదే. అన్నాళ్ళు పోయిన నీళ్ళు ఎక్కడికి పోయాయి? గోడల్లోకి, వైర్ల దగ్గరికి, నేల కిందికి.

పంపు ఆపు. మెయిన్ ఫ్యూజు పీకి నీ పెట్టెలో పెట్టుకో. నేను వచ్చేదాకా బావని నీళ్ళలోకి దించకు. ఎవరినీ దించనివ్వకు.

సెలవు అడిగాను. ఇస్తే శనివారం వస్తాను. ఇవ్వకపోయినా శనివారం వస్తాను.

తమ్ముడు


చికిత్సాలయం, వెనక వరండా గది,
ఆగస్టు 8

తమ్ముడికి,

నువ్వు బస్సెక్కిన మర్నాడే పూల్ ఖాళీ చేశారు. పంపు ఊడదీసి వరండాలో పెట్టారు. మా గది గుమ్మానికి ఎదురుగానే ఉంది.

నువ్వు వచ్చేసరికి మీ బావ నీళ్ళలో ఉన్నారు. నీ మొహం చూశాను. ఆపమన్నా ఆపలేదని అప్పుడే తెలిసిపోయింది నీకు. నేనేం చెయ్యను? అడ్డం చెబుదామనుకునేలోపే ఆయన టవల్ భుజాన వేసుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉంటారు రోజూ. పంపు ఆపి దించితే సరిపోతుందనుకున్నాను. ఆ రోజు ఆపడం మర్చిపోయాను.

నువ్వు ఇనుపకడ్డీతో నేల కొట్టావు. డొల్ల చప్పుడొచ్చింది, నేనూ విన్నాను. నీ స్క్రూడ్రైవరు పైపుకి ఆనించావు, దాని పిడిలో దీపం వెలిగింది. అదీ చూశాను. మీ బావని బయటికి తీయించావు. అక్కడితో ఆగొచ్చు కదా? నన్ను ఒక్కదాన్ని పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా? తిన్నగా వార్డెన్ గదిలోకి పోయావు.

పుట్టినప్పటి నుంచి నీ నోట్లో మాట ఉండదు. అన్నం సరిపోయిందా అంటే తల ఊపేవాడివి. పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పకపోతే ఆ పిల్ల వాళ్ళు మూగవాడేమోనని వెళ్ళిపోయారు. అలాంటివాడికి ఆ రోజే నోరు రావాలా రా?

నువ్వు చెప్పిన మాటలే వాళ్ళు కాగితం మీద పెట్టుకున్నారు. “అనుభవజ్ఞుడైన పంపు మెకానిక్ అభిప్రాయం ప్రకారం ప్రమాదకరం” అని నోటీసు బోర్డులో అంటించారు. నేను రోజూ దుప్పట్లు పట్టుకుని దాని ముందు నుంచే పోవాలి. పూల్ పూడ్చి ఆ హాల్లో మంచాలు వేస్తారట.

“వాడు రాకపోతే ఏదో ఒక రోజు నన్ను కమ్మీకి అంటుకుని ఉండగా చూసేదానివి. వాణ్ణి తిట్టకే” అని మీ బావ అన్నారు.

నేను తిట్టడం లేదు. జరిగింది రాస్తున్నాను.

అక్క


హోటలు పంపు గది,
ఆగస్టు 20

అక్కకి,

ఎండ. మోటారు బేరింగు కీచుమంటుంటే మార్చాను.

వార్డెనుతో ఇంకో మాట కూడా అన్నాను, నీకు చెప్పలేదు. కరెంటు సంగతి ఒక రోజు పని, నేల తవ్వి పైపు మార్చడం వారం పని, రెండూ నేనే చేస్తాను, కూలి వద్దు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పైపు మారిస్తే పైపు బాగుపడుతుంది. పూల్ మాత్రం ఉండదయ్యా. మంచాలు చాలక జనాన్ని వెనక్కి పంపుతున్నాం. ఆ హాలు ఎప్పుడు దొరుకుతుందా అని కమిటీ కాచుకుని ఉంది” అన్నాడు. నేను చెప్పకపోయినా మూసేవాళ్ళు అనడానికి ఇది రాయడం లేదు. నేను చెప్పాను కాబట్టి ఇప్పుడు మూశారు.

ఇక్కడికి వచ్చాక మా మేనేజరును అడిగాను. పొద్దున్నే, గెస్టులు లేవకముందు, బావని ఒక్క గంట దించుకుంటానని. “మీ బావగారంటే నాకు గౌరవమే. కానీ ఎవరైనా పై కిటికీలోంచి చూశారనుకో. డబ్బులిచ్చి వచ్చినవాళ్ళు పొద్దున లేచి చూడాల్సింది అదా?” అన్నాడు. అక్కడి నుంచి వచ్చేశాను.

బస్టాండు వెనక ఈత నేర్పే పూల్ ఉంది. వెళ్ళి చూశాను. దిగడానికి గోడకి నిలువు నిచ్చెన. తక్కువ లోతు ఉన్న వైపు పిల్లలది, మోకాలు దాటదు. రెండో వైపు మనిషి మునుగుతాడు. మధ్యలో ఛాతీ దాకా వచ్చే చోట ఉంది గానీ అక్కడ నేల ఏటవాలు. నేనే దిగి నిలబడి చూశాను. కాలు జారింది.

నిన్ను పక్కకి ఎందుకు పిలవలేదని అడిగావు. పైపుకి ఆనిస్తే దీపం వెలిగింది. బావ నీళ్ళలో ఉన్నారు. నిన్ను పక్కకి పిలిస్తే నువ్వు ఏడుస్తావు, ఏడిస్తే నేను వింటాను. అది నాకు తెలుసు.

తమ్ముడు


చికిత్సాలయం, వెనక వరండా గది,
సెప్టెంబర్ 17

తమ్ముడూ,

చాలా రోజులైంది రాసి. కోపంతో కాదు. రాయడానికి ఏమీ లేక.

డాక్టరమ్మ నేల మీదే చేయించడానికి చూసింది. రెండు కమ్మీల మధ్య నిలబెట్టింది. మొదటి వారం వణుకుతూ నిలబడ్డారు. తర్వాత చేతుల మీద వేలాడారు. ఇప్పుడు పక్క మీంచి కుర్చీలోకి మార్చాలన్నా ముగ్గురం పడుతున్నాం. పిక్కలు పట్టుకుంటే నా చేతిలో ఏమీ ఉండడం లేదు. డాక్టరమ్మ ఇదివరకు రోజూ వచ్చేది, ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఎలా ఉన్నారని అడిగి పోతోంది. ఆవిడ తప్పు కాదులే.

మొన్న ఒకసారి ఆ పూల్ చూపించమన్నారు. వద్దన్నాను. “నేను నడిచిన చోటు నేను చూడకూడదటే?” అన్నారు. తీసుకెళ్ళాను. కుర్చీ గట్టు దాకా తోశాను. అడుగున కాస్త బురద, ఒక చెప్పు, చీపురు. గట్టు మీద ఒక మూల పలకలు అప్పుడే పీకేశారు. మీ బావ చాలాసేపు చూశారు. ఏదో తిడతారనుకున్నాను, ఆ నీలం రంగునైనా తిడతారనుకున్నాను. “ఇంత చిన్న గొయ్యా?” అన్నారు. “దీన్లోనా నేను ఆ మూల నుంచి ఈ మూలకి పోయి అంత సంబరపడింది?” అన్నారు.

నేను ఏదో ఒకటి అనాలని, నీళ్ళు లేనప్పుడు అలాగే కనబడుతుందిలెండి అన్నాను. “పోదాం పద” అన్నారు.

అప్పటి నుంచి కుర్చీ ఎక్కనంటున్నారు. తిట్టరు, నవ్వరు. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, నవ్వుతారేమో అని. ఎండ, బేరింగు మార్చాను అని చదువుతుంటే గోడ వైపు తిరిగిపోయారు. రంగు సంగతి నేనే ఎత్తాను, గుమ్మానికి ఆకుపచ్చ వద్దు, పసుపు వేద్దాం అని. “నీ ఇష్టం” అన్నారు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను, రంగు విషయంలో నీ ఇష్టం అన్న మాట ఎప్పుడూ వినలేదు రా.

బుడగలొస్తే ఏం చెయ్యాలో రాశావు. మూలిగితే ఏం చెయ్యాలో రాశావు. నేను రాసిన ప్రతిదానికీ నువ్వు ఏదో ఒకటి చెప్పావు, అది చేశాను, ఒక రోజైనా పనిచేసింది. ఇప్పుడు ఏం చెయ్యాలో రాయి. ఏదైనా సరే. చేస్తాను.

అక్క


హోటలు పంపు గది,
అక్టోబర్ 3

అక్కకి,

ఎండ. కాస్త గాలి ఉంది. వాల్వు పిడి మర ఊడితే బిగించాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ మొదలుపెడుతున్నాను. ఎండ, వాన, చేసిన పని రాశాక చెయ్యి ఆగిపోతోంది.

కాళ్ళు రోజూ మర్దన చెయ్యమని రాద్దామనుకున్నాను. నువ్వు చేస్తూనే ఉంటావు. మంచం కిటికీ దగ్గరికి జరపమని రాద్దామనుకున్నాను. మీ కిటికీ ఆ హాలు వైపే ఉంది. నేనే వచ్చి ఉండిపోతానని ఒక కాగితం మీద రాశాను, చింపేశాను. వచ్చి ఏం చేస్తాను? అక్కడ నాకు తెలిసిన పని ఏమీ మిగల్లేదు. అలాగని రాననడం కూడా కాదు. నువ్వు రమ్మంటే వస్తాను. బావ నన్ను చూడడానికి ఇష్టపడతారో లేదో అడిగి రాయి. అడగడం కష్టమైతే వద్దు.

డాక్టరమ్మను కలిసి మాట్లాడదామనుకున్నాను. ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది. నేను ఎవరో చెప్పాను. “చెప్పండి” అంది. ఏమైనా ఆశ ఉందా అని అడిగి ఉండాలి. అడగలేదు. పూల్ మంచిగా ఉండేది కదండీ అంది ఆవిడే. అవునన్నాను.

మధ్యాహ్నం గెస్టులు దిగారు. ఇద్దరు పిల్లలు గట్టు మీంచి దూకుతున్నారు. ఒక పెద్దాయన ఈదడం లేదు. ఛాతీ దాకా నీళ్ళలో నిలబడి పక్కాయనతో ఏదో కబుర్లు చెబుతున్నాడు. ఒక కాలి మీద బరువు వేసి, అలసిపోయాక రెండో కాలి మీదికి మార్చుకుని, నిలబడ్డానన్న సంగతే గుర్తులేనట్టు చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆకులు తీసే జల్లెడ కర్ర పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. “ఏమయ్యా, నీళ్ళలో ఏమైనా పడిందా?” అని అడిగాడు. లేదండీ అన్నాను.

అక్కా, నువ్వు అడిగినదానికి…

సాయంత్రం గేజి ముల్లు కొద్దిగా పైకి ఉంది. ఫిల్టరు కడగాలి. పంపు ఆపాను. వాల్వు పిడి వెనక్కి తిప్పాను. ఇప్పుడు స్విచ్ వెయ్యాలి, మిగతాది వేసి వచ్చి రాస్తాను.